మేకప్ నిలవాలి, ముఖం మెరవాలి: భిలాయ్ ఎండలో రెండూ కుదిరేదెలా?

మే నెలలో భిలాయ్‌లో ఒక తెలుగువారి పెళ్లి అనుకుందాం. ముహూర్తం రాత్రి తొమ్మిదిన్నరకు. పెళ్లికూతురి అలంకరణ సాయంత్రం నాలుగింటికే మొదలైంది. బయట ఎండ 43 డిగ్రీలు. ఇంట్లో కూలర్ గాలి, కారులో ఏసీ, మండపంలో వీడియో దీపాల వేడి, హోమం సెగ, మధ్యమధ్యలో కళ్ల నీళ్లు. జీలకర్ర బెల్లం వేళకు ముక్కు పక్కన ఫౌండేషన్ చారలు కట్టింది. నుదురు జిడ్డుగా మెరుస్తోంది. పై పెదవి మీద చెమట చుక్కలు లేచాయి. పక్కనున్న పిన్ని గబగబా పౌడర్ అద్దింది. చారలు మరుగున పడ్డాయి గానీ, ఫొటోల్లో ముఖం సున్నం కొట్టిన గోడలా కళ తప్పింది.

ఇది చాలా ఇళ్లలో జరిగేదే. మేకప్ నిలవాలంటే మెరుపు వదులుకోవాలని, మెరుపు కావాలంటే గంటకోసారి సరిచేసుకోవాలని చాలామంది అనుకుంటారు. అది సగమే నిజం. మేకప్‌ను చెదరగొట్టే శక్తులు ఏవో, ముఖానికి కళ ఎక్కడినుంచి వస్తుందో తెలిస్తే, ఈ రెండింటినీ చాలావరకు కలిపి సాధించవచ్చు. అలా తెలుసుకోవడానికి భిలాయ్ మంచి చోటు. ఎందుకో కొంచెం ముందుకు వెళితే తెలుస్తుంది.

ఉక్కు ఊరిలో రెండు వాతావరణాలు

సోవియట్ యూనియన్ సహకారంతో ఉక్కు కర్మాగారం కట్టడానికి 1955లో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారం పనుల కోసం దేశం నలుమూలల నుంచీ వచ్చినవారిలో తెలుగువారూ ఉన్నారు. సెక్టార్ 5లోని బాలాజీ గుడికి పండగపూట వెళితే చుట్టూ తెలుగు మాటలే వినబడతాయి.

కోస్తా జిల్లాల నుంచి భిలాయ్ పెళ్లికి వచ్చిన చుట్టాలకు మొదట తెలిసేది గాలిలోని తేడా. విశాఖలోనో శ్రీకాకుళంలోనో వేసవి అంటే ఉక్కపోత. అక్కడ గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, ఒంటిమీదే నిలుస్తుంది. సముద్రానికి దూరంగా ఉన్న భిలాయ్‌లో వేసవి గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది, ఉప్పు మిగులుతుంది, చర్మం బిగుసుకుంటుంది. జూన్ మధ్యలో వానలు మొదలయ్యాక ఇక్కడా ఉక్క మొదలవుతుంది. అంటే ఒకే ఊళ్లో ఒకే పౌడర్ డబ్బా మేలో ఒకలా, జులైలో మరోలా పనిచేస్తుంది. విశాఖ అక్క ఇచ్చిన సలహా భిలాయ్ చెల్లెలికి పనికిరాకపోవడంలో ఇద్దరి తప్పూ లేదు.

కళ అంటే తెలుపు కాదు

ముఖం మీద పడిన వెలుతురులో సుమారు 5 శాతం చర్మం పైపొర నుంచే వెనక్కి వస్తుంది. మిగిలింది లోపలికి దిగి, అక్కడి కణజాలంలో అటూ ఇటూ చెదిరి, రక్తం రంగునూ మెలనిన్ రంగునూ కొంత కలుపుకొని బయటికి వస్తుంది. మనం ‘ముఖంలో కళ’ అని పిలిచేది ఈ రెండు వెలుగుల కలయికనే. లోపలినుంచి వచ్చే రంగు కనబడాలి, పైనుంచి తిరిగొచ్చే వెలుగు మృదువుగా పరచుకోవాలి.

చర్మం పైపొర మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు వరకు ఉంటుంది. అది ఎండిపోతే చిన్న చిన్న పొలుసులుగా లేస్తుంది. పొలుసుల మధ్య గాలి చేరుతుంది. వెలుతురు ఆ గాలి సందుల్లో ఇష్టం వచ్చినట్టు చెదిరి, ముఖం పాలిపోయినట్టు కనబడుతుంది. అదే పొలుసుల మధ్య కొంచెం తేమ, కొంచెం నూనె చేరితే ఉపరితలం చదునవుతుంది, వెలుతురు లోపలికి దిగే దారి దొరుకుతుంది. ఎండిన గులకరాయిని నీళ్లలో ముంచితే దాని అసలు రంగు తేలినట్టే ఇది.

మరి నుదుటి మీది జిడ్డు కూడా మెరుపే కదా, దాన్ని ఎందుకు ఇష్టపడం? నూనె పొర మందమైతే అది అద్దంలా మారుతుంది. ఎదుటి దీపం ఒక్కచోటే పదునైన చుక్కగా కనబడుతుంది. కళలో వెలుగు బుగ్గ ఎముక మీదుగా మెల్లగా పరచుకుంటుంది, జిడ్డులో ముక్కు కొన మీద గుచ్చినట్టు ఉంటుంది. తేడా మెరుపు ఎంత అన్నదానిలో కంటే, అది ఎక్కడ, ఎంత వెడల్పుగా ఉందన్నదానిలోనే ఎక్కువ.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. కళకూ తెల్లదనానికీ సంబంధం లేదు. చామనఛాయ ముఖానికి రెండు మెట్లు తెల్లటి ఫౌండేషన్ వేస్తే అందులోని తెల్లరంగు లోపలి రంగును కప్పేసి, బూడిద పూసినట్టు చేస్తుంది. పెళ్లికి ముందు తెల్లబడాలని పేరూ ఊరూ లేని క్రీములు రాయడం ఇంకా ప్రమాదం. అలాంటి వాటిలో పాదరసం ఉన్నట్టు అనేక దేశాల్లో బయటపడింది.

డబ్బాలో ఉన్నది ఖనిజాలే

భిలాయ్ కర్మాగారానికి ముడి ఇనుము ప్రధానంగా దల్లీ రాజ్‌హరా గనుల నుంచి వస్తూ వచ్చింది. ఎర్రటి ఆ రాయి హెమటైట్, అంటే ఒక రకం ఐరన్ ఆక్సైడ్. బ్లాస్ట్ ఫర్నేస్‌లో దానినుంచి ఆక్సిజన్‌ను తీసేస్తే ఇనుము మిగులుతుంది.

ఫౌండేషన్‌కు చర్మం రంగు తెచ్చేది కూడా ఐరన్ ఆక్సైడే. ఎరుపుకు హెమటైట్ రూపం, పసుపుకు నీటి అణువుల భాగం కలిసిన మరో రూపం, నలుపుకు మాగ్నెటైట్ రూపం. ఈ మూడింటికి టైటానియం డయాక్సైడ్ అనే తెల్లపొడిని కలిపి, పాళ్లు మారుస్తూ పోతే దాదాపు అన్ని ఛాయలూ వస్తాయి. సౌందర్య సాధనాల్లో వాడేది గనిలోంచి తవ్విన రాయి కాదు. శుద్ధి కోసం కర్మాగారంలో తయారుచేసిన ఆక్సైడ్. రసాయనం మాత్రం అదే.

మిగిలిన పొడులూ తెలుగువారికి పరిచయమైనవే. టాల్కం పౌడర్‌లోని టాల్క్, పలక మీద రాసే బలపపు రాయికి ప్రధాన ఖనిజం. మన అనంతపురం, కర్నూలు ప్రాంతాల్లో ఆ రాయి దొరుకుతుంది. తళుకు తెచ్చే అభ్రకానికి గూడూరు ప్రాంతం పేరుపొందింది. అభ్రకం పలుచని రేకులుగా విడిపోతుంది. ఆ రేకులకు టైటానియం డయాక్సైడ్‌ను నానోమీటర్ల మందంలో పూస్తే ముత్యపు మెరుపు వస్తుంది. రేకు పెద్దదైతే విడివిడి తళుకులు, చిన్నదైతే పట్టులాంటి నిగారింపు. పెళ్లి మేకప్‌లో కళ కోసం కావలసింది రెండోది.

మేకప్ చెదరడానికి మూడు దారులు

మొదటిది చెమట. మన ఒంటిమీద 20 నుంచి 40 లక్షల స్వేద గ్రంథులు ఉంటాయి. నుదుటి మీద అవి దట్టంగా ఉంటాయి. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వాన పైనుంచి వస్తుంది, చెమట కిందినుంచి వస్తుంది. పైన నీళ్లు పోసినా చెక్కుచెదరని వాటర్‌ప్రూఫ్ ఫౌండేషన్, కిందినుంచి ఊరే చెమటకు లేచిపోవచ్చు. బయట వానకు తట్టుకున్న గోడ రంగు, పునాది నుంచి చెమ్మ ఎక్కితే పెచ్చులూడిపోవడం చూస్తుంటాం కదా, అదే సంగతి.

రెండోది సీబమ్. తైల గ్రంథులు స్రవించే ఈ నూనె ఒంటి వేడికి ద్రవంగానే ఉంటుంది. ఫౌండేషన్‌లోని నూనెలు, మైనాలు దీనిలో కరిగి మెత్తబడతాయి. నుదురు, ముక్కు, గడ్డం మీద గ్రంథులు ఎక్కువ కాబట్టి ముందుగా చెదిరేది అక్కడే.

మూడోది కదలిక. నవ్వినా మాట్లాడినా చర్మం సాగుతుంది, ముడుచుకుంటుంది. పైనున్న పొర దానితోపాటు సాగకపోతే పగులుతుంది. పొర ఎంత మందమైతే అంత త్వరగా పగులుతుంది. కళ్ల కింద, ముక్కు పక్క గీతల్లో మేకప్ పేరుకోవడానికి కారణం ఇదే.

మధ్యాహ్నానికి ఫౌండేషన్ రంగు ముదిరితే ‘ఆక్సిడైజ్ అయింది’ అంటారు. కానీ అందులోని ఎరుపు, పసుపు ఐరన్ ఆక్సైడ్లు అప్పటికే పూర్తిగా ఆక్సీకరణం చెందినవి. తుప్పు మళ్లీ తుప్పు పట్టదు. అక్కడ ఎక్కువగా జరిగేది వేరు. ఉదయం పొడి రేణువుల మధ్య గాలి ఉంటుంది. వెలుతురు బాగా చెదిరి రంగు లేతగా కనబడుతుంది. తర్వాత ఆ ఖాళీల్లోకి నూనె చేరుతుంది. నూనె వక్రీభవన గుణకం సుమారు 1.47, గాలిది 1. నూనె గుణం రేణువుల గుణానికి దగ్గర కాబట్టి వెలుతురు తక్కువ చెదిరి, లోతుకు దిగి, ఎక్కువ శోషణమవుతుంది. వానకు తడిసిన మట్టి ముదురుగా కనబడటం కూడా ఇందువల్లే. కాబట్టి మందు కొత్త ఫౌండేషన్ కొనడం కాదు, నూనెను అద్ది తీయడం.

పౌడర్ చేసేది ఒకటి, స్ప్రే చేసేది మరొకటి

మేకప్‌ను ‘సెట్’ చేయడం అంటే కదిలే పొరను కదలకుండా చేయడం. దానికి రెండు మార్గాలు.

పౌడర్ నూనెనూ తేమనూ పీల్చుకుంటుంది. సన్నటి రంధ్రాలున్న సిలికా రేణువులు ఈ పనిలో దిట్టలు. ఫౌండేషన్‌లోని ద్రవభాగం తగ్గితే అది జారడం తగ్గుతుంది. కానీ పౌడర్ ఉపరితలాన్ని గరుకు చేసి వెలుతురును చెదరగొడుతుంది, కళ తగ్గుతుంది. పైగా రేణువుల రంధ్రాలు నిండిపోయాక దాని పని అయిపోతుంది. అప్పుడు మళ్లీ మళ్లీ వేసే పౌడర్ నూనెతో కలిసి ముద్ద అవుతుంది.

సెట్టింగ్ స్ప్రే పని వేరు. అందులో నీళ్లు, తరచుగా ఆల్కహాల్, వాటిలో కరిగిన పాలిమర్ ఉంటాయి. ద్రవం ఆరిపోగానే పాలిమర్ గొలుసులు ఒకదానితో ఒకటి అల్లుకొని కంటికి కనబడని పలుచని పొర అవుతాయి. ఇలాంటి పాలిమర్లలో పాతది పాలీవినైల్‌పైరోలిడోన్. 1930ల చివర జర్మన్ రసాయన శాస్త్రవేత్త వాల్టర్ రెప్పె దీన్ని రూపొందించాడు. పేరు కొత్తగా ఉన్నా మనకు తెలిసిన పదార్థమే. గాయానికి రాసే పోవిడోన్ అయోడిన్‌లోని పోవిడోన్ ఇదే.

ఈ పాలిమర్‌కు తేమ అంటే మక్కువ. పొడి గాలిలో పెళుసుగా ఉంటుంది, ఉక్కపోతలో తేమ పీల్చి జిగురవుతుంది. అంటే భిలాయ్ మే నెలలో పగిలే గుణం, జులైలో అంటుకునే గుణం రెండూ దానికే ఉన్నాయి. అందుకే ఇప్పటి స్ప్రేలలో నీటిని అంతగా పట్టించుకోని అక్రిలేట్ కోపాలిమర్లను ఎక్కువగా వాడుతున్నారు. పొర సాగేలా గ్లిజరిన్ వంటివి కొద్దిగా చేరుస్తారు. గ్లిజరిన్ పాలు పెరిగితే మెరుపు పెరుగుతుంది, పట్టు తగ్గుతుంది. ‘డ్యూయీ’ అని రాసినవాటికీ ‘మ్యాట్’ అని రాసినవాటికీ ఉన్న తేడాలో ఇది ఒక ముఖ్య భాగం.

మరి పన్నీరు చల్లుకుంటే? పన్నీరులో పొర కట్టే పదార్థం లేదు. పైకి తేలిన పౌడర్‌ను తడిపి చర్మంలో కలిసినట్టు చేస్తుంది, ముఖానికి హాయిగా ఉంటుంది. మేకప్‌ను నిలిపే శక్తి మాత్రం దానికి లేదు. హెయిర్ స్ప్రేను ముఖానికి కొట్టడం అసలే వద్దు. అది వెంట్రుకల కోసం చేసినది. ముఖ చర్మాన్నీ కళ్లనూ మండిస్తుంది.

రెండూ కుదరాలంటే వరస ముఖ్యం

ఇప్పటిదాకా చెప్పుకున్నదాని సారం ఒక్కటే. నిలుపుదల కావలసిన చోటు, మెరుపు కావలసిన చోటు ముఖం మీద వేరువేరు. ముందుగా చెదిరేవి నుదురు నడిమి భాగం, ముక్కు, పై పెదవి, గడ్డం. కళగా కనబడవలసినవి బుగ్గ ఎముకలు, నుదుటి పక్కలు. ముఖమంతా పౌడర్ వేస్తే రెండో దాన్ని అనవసరంగా పోగొట్టుకుంటాం. కాబట్టి ఇలా చేసి చూడండి.

ముందు ముఖం కడిగి, తడి పూర్తిగా ఆరకముందే తేలికపాటి మాయిశ్చరైజర్ రాయండి. పగటిపూట అయితే దానిమీద సన్‌స్క్రీన్. ఆ తర్వాత పది నిమిషాలు ఆగండి. ఈ పది నిమిషాలే చాలామంది వదిలేసేది. కింది పొర ఆరకుండా పై పొర వేస్తే రెండూ కలిసి ఉండలు కడతాయి. సిలికాన్ ఎక్కువున్న ప్రైమర్ మీద నీటి ఆధారిత ఫౌండేషన్ వేసినా ఇలా జరగవచ్చు. అందుకే రెండూ ఒకే తరహావి ఎంచుకోవడం మేలు.

ఫౌండేషన్‌ను ఒక మందపాటి పొరగా కాక, రెండు పలుచని పొరలుగా వేయండి. రుద్దకుండా తడి స్పాంజితో అద్దండి. మచ్చ ఉన్నచోట మాత్రమే మరికొంత. మిగిలిన చోట మీ చర్మం రంగు కనబడనివ్వండి.

తర్వాత పలుచని కాగితాన్ని ముఖానికి ఒత్తి ఎక్కువైన నూనెను తీయండి. అప్పుడే పౌడర్. అది కూడా చెదిరే నాలుగు చోట్ల మాత్రమే, బ్రష్‌తో ఒత్తుతూ. కళ్ల కింద మందంగా పౌడర్ పోసి కాసేపు ఉంచే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. భిలాయ్ పొడి గాలిలో అది ఉన్న తేమను కూడా లాగేసి గీతలను పెంచుతుంది.

చివరగా స్ప్రే. ముఖానికి 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకొని, కళ్లూ నోరూ మూసుకొని, సన్నటి తుంపర పడేలా కొట్టండి. దగ్గరనుంచి కొడితే పెద్ద చుక్కలు పడి కింది రంగును కరిగిస్తాయి. ఆరేవరకు ఒక నిమిషం ముఖం కదపకండి. పొర కట్టేటప్పుడు నవ్వితే నవ్విన గీతల్లోనే అది బిగుసుకుంటుంది. మెరుపు కోసం సన్నటి అభ్రకపు పొడి ఉన్న క్రీమును బుగ్గ ఎముకల మీద వేలికొనతో కొంచెం అద్దితే చాలు.

ముహూర్తం వేళ మెరుగులు దిద్దాల్సి వస్తే క్రమం మారకూడదు. ముందు చెమటను కాగితంతో ఒత్తి తీయాలి, ఆ తర్వాతే కొద్దిగా పౌడర్. తడి మీద పౌడర్ వేయడమే మొదట మనం చూసిన సున్నపు గోడకు కారణం. వానాకాలపు పెళ్లి అయితే మాయిశ్చరైజర్ తగ్గించి, నూనె అద్దడం పెంచండి. వేసవిలో అయితే మాయిశ్చరైజర్‌కు సమయం ఇచ్చి, పౌడర్ తగ్గించండి.

ఇవన్నీ మీ చర్మానికి సరిపోతాయో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న ప్రయోగం చేయవచ్చు. పెళ్లికి రెండు వారాల ముందు, అదే సాయంత్రపు వేళ, ముఖం కుడివైపు పౌడర్ మాత్రమే, ఎడమవైపు పౌడర్ తక్కువ, స్ప్రే ఎక్కువ వాడండి. ఇంటి పనులు మామూలుగా చేసుకుంటూ, గంటకోసారి ఒకే కిటికీ వెలుతురులో ఫొటో తీయండి. నాలుగు ఫొటోలు పక్కపక్కన పెడితే, ఏ ప్రకటనా చెప్పలేని సంగతి తెలుస్తుంది. కొత్త సాధనం ఏదైనా ముందుగా మోచేతి లోపలి వైపు కొంచెం రాసి రెండు రోజులు చూడటం మరవకండి.

చెమటతో పోరాడకూడదు

‘అసలు చెమటే పట్టకుండా చేయలేమా?’ అని అడిగేవారుంటారు. ఒక గ్రాము చెమట ఆవిరైతే ఒంటినుంచి సుమారు 2.4 కిలోజౌళ్ల వేడి పోతుంది. గాలి వేడి ఒంటి వేడిని మించినప్పుడు మన శరీరం చల్లబడటానికి మిగిలే దారి ఇదొక్కటే. 43 డిగ్రీల ఎండలో చెమట శత్రువు కాదు, ప్రాణరక్షణ. లిప్‌స్టిక్ చెదురుతుందని పెళ్లికూతురు సాయంత్రమంతా నీళ్లు తాగకపోవడం చాలా పెళ్లిళ్లలో చూస్తుంటాం. పట్టుచీర, నగలు, హోమం సెగ, పైగా ఉపవాసం. కళ్లు తిరగడానికి ఇంతకంటే కారణాలు అక్కర్లేదు. పక్కన ఒక గ్లాసు మజ్జిగ, ఒక స్ట్రా ఉంచితే పెదవుల రంగూ ఉంటుంది, ప్రాణమూ హాయిగా ఉంటుంది.

కర్మాగారంలో పనిచేసే మహిళలు గుర్తుంచుకోవలసినది మరొకటి. దుమ్ము, వాయువుల నుంచి రక్షించే బిగుతు మాస్క్ ముఖానికి అతుక్కొని ఉంటేనే పనిచేస్తుంది. ఆ అంచు తగిలే చోట క్రీము, పౌడర్ ఉంటే పట్టు సడలుతుంది. షిఫ్టుకు వెళ్లే రోజు ఆ భాగాన్ని శుభ్రంగా ఉంచడమే మంచిది.

మంటల విషయంలోనూ జాగ్రత్త అవసరం. ఆల్కహాల్ ఉన్న స్ప్రేను దీపం దగ్గర, హోమం దగ్గర కొట్టకూడదు. ఒత్తిడితో నింపిన డబ్బాల మీద 50 డిగ్రీలు మించిన వేడి తగలనివ్వకూడదని రాసి ఉంటుంది. భిలాయ్ ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపలి వేడి ఆ హద్దును సులువుగా దాటుతుంది.

రాత్రంతా నిలిచిన పాత రంగులు

మేకప్ నిలవడం ఇవాళ్టి సమస్య కాదు. భిలాయ్, దుర్గ్, రాజ్‌నందగావ్ ప్రాంతం నాచా అనే జానపద నాటకానికి పుట్టినిల్లు. మగవారే ఆడవేషాలు వేసి, తెల్లవార్లూ ఆడి పాడే ఆట అది. మన వైపు కూచిపూడి భాగవతులు, చిందు యక్షగాన కళాకారులు కూడా అలాగే రాత్రంతా వేషంలో ఉండేవారు. వారి దగ్గర స్ప్రేలు లేవు. మట్టి, ఖడీ, మసి, కాటుక, అభ్రకం ఉండేవి.

వాటితోపాటు మరో రెండు ఉండేవి. పాత నాచా వేషాల వర్ణనల్లో ముర్దార్‌శంఖ్ పేరు వినిపిస్తుంది. తెలుగు వేషధారులు పసుపు ఛాయ కోసం అరదళం పూసుకునేవారు. ముర్దార్‌శంఖ్ అంటే సీసపు ఆక్సైడ్. అరదళం అంటే హరితాళం, అంటే ఆర్సెనిక్, గంధకం కలిసిన ఖనిజం. రెండూ ముఖానికి చక్కగా పట్టేవి, దీపాల వెలుగులో నిండుగా కనబడేవి. రెండూ విషాలే. ఏళ్ల తరబడి రంగు పూసుకునే కళాకారుడికి, రంగు చేతులతోనే బీడీ తాగేవాడికి, అన్నం తినేవాడికి ముప్పు ఎంతో ఊహించవచ్చు.

అందుకే ఎన్ని గంటలు నిలిచిందన్న ఒక్క కొలతతో ఏ సాధనాన్నీ తూచకూడదు. మన దేశపు కాస్మెటిక్స్ రూల్స్, 2020 సౌందర్య సాధనాల్లో సీసం, ఆర్సెనిక్ సమ్మేళనాలను రంగుల కోసం వాడటాన్ని నిషేధించాయి. ముడిపదార్థాల్లో సహజంగా కలిసి వచ్చే మోతాదుకూ హద్దు పెట్టాయి. సీసం పది లక్షల భాగాల్లో 20 భాగాలు, ఆర్సెనిక్ 2 భాగాలు మించకూడదు. ఈ రక్షణ చట్టబద్ధంగా తయారైన వాటికే వర్తిస్తుంది. తయారీదారు చిరునామా, లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, పదార్థాల జాబితా లేని డబ్బా సంతలో ఎంత చవకగా దొరికినా కొనకండి. వేదిక మీద నాట్యం చేసే పిల్లలకు రంగు వేసేటప్పుడు ఈ జాగ్రత్త రెట్టింపు అవసరం. పొడి పౌడర్‌ను పిల్లల ముఖం దగ్గర దులపడం కూడా మానాలి. ఊపిరితో లోపలికి వెళ్లిన ఖనిజ ధూళి మంచిది కాదు.

చివరి పని

నిలిచే మేకప్ వేసుకున్నవారికి చివరి పని దాన్ని తీయడం. నీటికి లొంగని పొర సబ్బుకు కూడా సులువుగా లొంగదు. గట్టిగా రుద్దితే పొరతోపాటు చర్మమూ దెబ్బతింటుంది. నూనెలో కరిగేదాన్ని నూనెతోనే తీయాలి. క్లెన్సింగ్ ఆయిల్‌నో, మొటిమల బెడద లేనివారు కొద్దిగా కొబ్బరినూనెనో ముఖానికి రాసి, ఒక నిమిషం ఆగి, మెత్తటి గుడ్డతో తుడిచి, తర్వాత తేలికపాటి ఫేస్‌వాష్‌తో కడగాలి. ఆ తర్వాత కొంచెం మాయిశ్చరైజర్. పెళ్లి అలసటలో ఈ పది నిమిషాలు బరువుగానే అనిపిస్తాయి. కానీ రాత్రంతా మూసుకుపోయిన చర్మం మర్నాడు పొలుసులుగా, మొటిమలుగా తన మాట చెబుతుంది.

మొదట చూసిన పిన్ని తప్పు పౌడర్ వేయడం కాదు. తడి తీయకుండా, ముఖమంతా వేయడం. ఈసారి ఆమె చేతిలో పౌడర్ డబ్బాకంటే ముందు ఒక పలుచని కాగితం, ఒక మజ్జిగ గ్లాసు పెట్టండి. నుదుటి మీద మేకప్ నిలుస్తుంది, బుగ్గల మీద కళ మిగులుతుంది, పీటల మీద కూర్చున్న అమ్మాయి నిశ్చింతగా నవ్వగలుగుతుంది.